చిన్నాయన బాయి, నా సముద్రం

చిన్నాయన సంవత్సరీకానికి మొన్న ఊరికి పోయొచ్చాను. భోజనాలయ్యాక అందరూ పందిట్లో నడుం వాలిస్తే నేను బాయి వైపు నడిచాను. బాయి లేదు. పూడ్చేసి, ఎర్రమట్టి పరిచి, సున్నంతో గీతలు గీసి ప్లాట్లు వేశారు. కట్టుడు రాళ్ళు ముందే పెరికి ఒక పక్క గుట్టపోశారు. ముందురోజు రాత్రి వాన పడినట్టుంది, రాళ్ళకు పట్టిన పాచి నాని వాసన లేస్తోంది. అది ముక్కుకు తగలగానే చిన్నప్పుడు ముక్కులోకి నీళ్ళు పోయినప్పటి మంట గుర్తొచ్చింది.

ఈ నాలుగు ముక్కలూ ఆ వాసన రాయించినవే.

చంద్రగిరి దాటాక, స్వర్ణముఖికి కూతవేటు దూరంలో మా ఊరు. నాకు ఊహ తెలిసేసరికి ఎద్దులతో నీళ్ళు తోడే కపిలలు తోలడం పోయి కరెంటు మోటార్లు వచ్చేశాయి. కపిల నిలబెట్టిన రాతి స్తంభాలు మాత్రం బాయి గట్టున అట్లే ఉండేవి. మేం వాటి మీదికెక్కి దూకేవాళ్ళం. పల్టీ కొట్టేవాడు ఒకడు, బాసిపట్టు వేసుకుని దూకేవాడు ఇంకొకడు. గోడల సందుల్లో పావురాలు కాపురం ఉండేవి. ఎవడు దూకినా అన్నీ ఒక్కసారిగా రెక్కలు టపటపలాడించుకుంటూ పైకి లేచేవి. బాయి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్ళు. నీళ్ళపాములుండేవి కానీ వాటిని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు.

నాకు ఈత నేర్పింది చిన్నాయన. వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి, నడుముకు తాడేసి, కొస తన చేతిలో పెట్టుకుని తోసేశాడు. నేను కేకలు పెడుతుంటే గట్టున కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"ఏమిరా, అట్ల అరస్తాండావు? నీళ్ళు నిన్ను పట్టుకోలేదు, నువ్వే నీళ్ళను పట్టుకోను చూస్తాండావు. వదిలెయ్" అన్నాడు.

చాలా ఏళ్ళ తరవాత చెన్నైలో ఒక స్విమ్మింగ్ పూల్లో స్కూబా, అంటే వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ లోపల ఈదడం, నేర్పే కుర్రాడు ఇదే సంగతి ఇంగ్లీషులో చెప్పాడు. ఫీజు కూడా తీసుకున్నాడు.

* * *

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి బాయిలో ఏది పడినా చిన్నాయనకు కబురొచ్చేది. చేద జారిందనో, ఇత్తడి బిందె పోయిందనో మొదలయ్యేది. ముందు పాతాళగరిగె వేసి చూసేవాళ్ళు. ఆ కొక్కేలకు దొరక్కపోతే ఈయన దిగేవాడు. మోటారు ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కున్నా ఈయనే. ఒకసారి పక్కూరి పెళ్ళికూతురి ముక్కుపుడక పడింది. మూడు నిలువుల నీళ్ళలో, అడుగున బురదలో, అదెట్లా దొరుకుతుందని అందరూ నవ్వారు. చిన్నాయన దిగి, బురదను కెలక్కుండా జల్లెడ పట్టేవాడి ఓపికతో పిడికెడు పిడికెడు తీసి పైకి తెచ్చి తట్టలో పోశాడు. మధ్యాహ్నానికి దొరికింది. వాళ్ళు పెట్టిన కొత్త పంచె ఆయన పండక్కి మాత్రమే కట్టేవాడు.

దిగే ముందు చేసే పద్ధతి ఒకటుంది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, మొహం మీద నీళ్ళు చల్లుకుని, నాలుగైదు సార్లు నిదానంగా ఊపిరి తీసి వదిలి, ఆఖరిది బిగబట్టి మునిగేవాడు. పైన మేం ఒకటీ రెండూ లెక్కపెట్టుకునే వాళ్ళం. అంకెలు పెరిగేకొద్దీ గొంతులు తగ్గేవి. చెవులు నొప్పెట్టవా అని అడిగితే, "ఎంగిలి మింగాల. అప్పుడూ పోకపోతే ముక్కు మూసుకుని ఊదాల" అనేవాడు. స్కూబా పాఠంలో మొదటి రోజు చెప్పేది కూడా ఇదే. నీళ్ళలోకి దిగిన మొదటి కొన్ని మీటర్లలోనే ఒత్తిడి మార్పు ఎక్కువ తెలుస్తుంది కాబట్టి, నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ముందునుంచే చెవులు సర్దుకుంటూ పోవాలి.

బిందెలే కాదు, మనుషులు పడ్డా ఆయన్నే పిలిచేవాళ్ళు. అప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పోలీసాయన వచ్చి ఇంటి ముందు సైకిలు ఆపితే చిన్నమ్మ మొహం మాడిపోయేది. ఆ పనికి చిన్నాయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. తిరిగొచ్చి ఇంటి బయటే తలమీద నీళ్ళు పోసుకుని, ఆ పూట అన్నం మానేసేవాడు. మరుసటి రోజు మామూలుగా మళ్ళీ బాయిలో దూకేవాడు. దాని గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు.

* * *

ఇక ఎండ్రకాయలు, అదే పీతలు. అసలు రాయాలనుకున్నది వీటి గురించే.

మాకు సేద్యానికి కరెంటు రాత్రుళ్ళు ఇచ్చేవాళ్ళు. ఏ పదికో వస్తుంది, ఒక్కోసారి రెండు దాటినా రాదు. వచ్చిందాకా కయ్యల దగ్గర, అంటే పొలం మళ్ళ దగ్గర, పడిగాపులు. నిద్ర రాకుండా ఉండాలంటే ఏదో ఒక పని కావాలి కదా. ఆ పనే ఎండ్రకాయల వేట.

కాలం కూడా చూసుకోవాలి. వేసవిలో అవి గెనిమల్లో, అంటే పొలం గట్లలో, లోతుగా బొక్కలు తవ్వుకుని లోపలే ఉంటాయి. మాకు వానలు గట్టిగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు. ఆ తొలి వానలకు బొక్కల్లోంచి బయటపడి కాలవల్లో, ఏటి అంచున, కయ్యల్లో తిరుగుతాయి. దానికి కాస్త ముందొచ్చే పెరటాసి అనే తమిళ నెలలో మా ఇంట్లో నీసు ముట్టరు. శనివారాలైతే మరీ కట్టడి. తిరుమల కొండకు ఇంత దగ్గరలో ఉండి ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్లా అనేది అవ్వ. కాబట్టి పెరటాసి పోయి, వాన పడి, వెన్నెల లేని రాత్రి కరెంటు ఆలస్యమైతే, అదీ మా పండగ.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. మూడు బ్యాటరీల టార్చిలైటు, వాన తగలకుండా దానికి చుట్టిన ప్లాస్టిక్ కవరు, మూతికి గుడ్డ కట్టిన మట్టికుండ. అంతకు ముందు తరం సైకిలు టైరు ముక్క కాల్చుకుని పోయేవాళ్ళట. చిన్నాయన కూడా ఒకటి రెండుసార్లు టైరు వెలిగించాడు. ఆ కమురు వాసన ఒంటికి పట్టి రెండు రోజులు వదిలేది కాదు.

చిన్నాయన ముందు, నేను వెనక, నా వెనక కుండ మోస్తూ మా తమ్ముడు. మాట్లాడకూడదు. అయినా ఆ రాత్రి చప్పుళ్ళు ఎన్నని! కప్పల బెకబెకలు, దూరంగా ఎవరో కయ్యకు మడవ తిప్పుతున్న పార చప్పుడు, పాకాల వైపు పోయే రైలు కూత. కాలి కింద బురద జుర్రున పీల్చుకునేది. చిన్నాయన టార్చిని ఎత్తి పట్టేవాడు కాదు. మోకాలి ఎత్తున ఏటవాలుగా వేసేవాడు. పైనుంచి వేస్తే నీళ్ళు మెరుస్తాయి, కింద ఏముందో కనబడదు. వాలుగా వేస్తే చిన్న గులకరాయికి కూడా నీడ పడుతుంది. ఆ నీడల్లో కదిలేదేదో చూసుకోవాలి. వెలుతురు మీద పడగానే ఎండ్రకాయ కత్తెర కాళ్ళు రెండూ ఎత్తి, కళ్ళు నిక్కబొడిచి, ఉన్నచోటనే నిలబడిపోతుంది. వెనకనుంచి డొప్ప మీద రెండు వేళ్ళు పెట్టి అదిమి ఎత్తాలి. ముందునుంచి చెయ్యి పెట్టినవాడు కేక పెడతాడు. తమ్ముడు పెట్టాడు కూడా. అవతలి కయ్యలోంచి ఎవరో దొంగలనుకుని అదిలించారు.

పట్టగానే చిన్నాయన దాన్ని వెల్లకిలా తిప్పి టార్చి వేసేవాడు. మగదానికి పొట్ట కింది మడత సన్నగా ఉంటుంది, ఆడదానికి వెడల్పుగా. ఒకసారి ఆ వెడల్పు మడతను గోటితో కొద్దిగా ఎత్తి చూపించాడు. లోపల ఆవగింజలంత పిల్ల ఎండ్రకాయలు, బొలబొల కదులుతున్నాయి. కాళ్ళూ కళ్ళూ అన్నీ ఉన్నాయి. మంచినీటి ఎండ్రకాయ గుడ్డులోంచే పూర్తి రూపంతో బయటపడుతుందని, కొన్నాళ్ళు తల్లి పొట్ట కిందే ఉంటుందని తరవాత చదివాను. చిన్నాయన ఏమీ చదవలేదు. "పిల్లలతల్లి, పోనీ" అని నీళ్ళలో వదిలేశాడు. తమ్ముడికి కోపమొచ్చింది, ఎందుకంటే అది బాగా పెద్దది.

కరెంటు వచ్చిందంటే షెడ్డులో బల్బు వెలిగేది. స్టార్టరు బటను నొక్కితే గడక్‌మని చప్పుడు, ఆ తరవాత మోటారు హోరు, గొట్టంలోంచి మొదట గాలి, ఆనక నీళ్ళు. వేట అక్కడితో బందు.

తెల్లారి చిన్నమ్మ చిన్న కాళ్ళన్నీ రోట్లో వేసి దంచి, గుడ్డలో పిండి, ఆ రసంలో మిరియాలు, వెల్లుల్లి కొట్టి వేసేది. డొప్పలు విడిగా పులుసు. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుని తింటుంటే ముక్కు కారేది. అవ్వ ఆ గిన్నెలను వంటింట్లోకి రానిచ్చేది కాదు. అయినా జలుబు చేస్తే మాత్రం రసం అడిగి తాగేది.

* * *

ఆ తరవాత బోర్లు వచ్చాయి. ఒకరు రెండు వందల అడుగులకు వేస్తే పక్కవాడు నాలుగు వందలకు. బాయిలు ఎండిపోయి చెత్తకుండీలయ్యాయి. ఏట్లో ఇసక లారీలకెక్కింది. చిన్నప్పుడు చేత్తో చెలమ తవ్వి దోసిలితో తాగిన చోట ఇప్పుడు ముళ్ళకంపలు. ఎండ్రకాయల సంగతి వేరే చెప్పాలా?

ఒక్క 2021 నవంబరులో మాత్రం పాత రోజులు కక్షగట్టి తిరిగొచ్చినట్టు వాన పడింది. తిరుపతి వీధుల్లో నీళ్ళు పారాయి, స్వర్ణముఖి ఒడ్లు కోసుకుంటూ పోయింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. తిరుపతిలో ఒకరింట్లో నేలలో ఉన్న నీళ్ళతొట్టి సిమెంటు ఒరలతో సహా పైకి లేచి నిలబడిందని టీవీలో చూపించారు. జనం దేవుడి మహిమన్నారు. నీళ్ళలో తేలే సంగతి తెలిసినవాడికి అందులో వింత లేదు. చుట్టూ భూమి నీళ్ళతో నిండిపోయి, లోపల తొట్టి ఖాళీ చేస్తే, అది పడవతో సమానం. స్కూబాలో మేం నడుముకు సీసం బరువులు కట్టుకునేది ఆ తేలుడును అణచడానికే.

అప్పటికి చిన్నాయన నడవలేడు. కుర్చీలో కూర్చోబెట్టి బాయిగట్టుకు తీసుకుపోయారు. నీళ్ళు పైమెట్టు దాకా వచ్చి ఉన్నాయి. "దూకతావా?" అని నన్నడిగాడు. దూకాను.

* * *

నలభై దగ్గర పడ్డాక, చెన్నైలో ఉద్యోగం చేసే రోజుల్లో స్కూబా నేర్చుకున్నాను. ఈత వచ్చినవాడికి ఇదేం లెక్క అనుకుని పోతే, మొదటి పాఠమే అడ్డం తిరిగింది. ఊపిరి బిగబట్టకూడదట! బాయిలో గొప్పంతా బిగబట్టడంలోనే కదా.

దాని లెక్క ఇది. చిన్నాయన గట్టుమీద గాలి పీల్చుకుని దిగుతాడు. లోతుకు పోయేకొద్దీ ఆ గాలి ఒత్తిడికి కుంచించుకుపోతుంది, పైకొచ్చేకొద్దీ మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం లేదు. సిలిండరుతో దిగినవాడు పది మీటర్ల లోతున రెట్టింపు ఒత్తిడిలో ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుంటాడు. దాన్ని బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపవుతుంది, తిత్తులు చిరుగుతాయి. అందుకే పీలుస్తూ వదులుతూ ఉండాలి, పైకి నిదానంగా రావాలి, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఇదంతా ఊరికి పోయినప్పుడు చిన్నాయనకు చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే గాలి మోసుకుపోయేవాడికే భయమన్నమాట" అన్నాడు.

మన సముద్రం పటాల్లో చూసే నీలం సముద్రం కాదు. పుదుచ్చేరి దగ్గర కొన్ని రోజులు బాగా కనిపిస్తుంది, కొన్ని రోజులు చాచిన చెయ్యి కనబడదు. అందుకు అందరూ తిట్టుకుంటారు. బాయిలో ఈదినవాడిని కాబట్టి నాకు పెద్ద తేడా తెలియలేదు.

తిరుపతివాళ్ళకు ఇంకో చిక్కుంది. రెండు మూడుసార్లు డైవ్ చేసినవాడు కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి, ఈలోగా ఎత్తుకు పోతే బుడగలు కడుతుంది. ఆ జాగ్రత్త కొండలెక్కేవాళ్ళకూ వర్తిస్తుంది. తిరుమల సముద్ర మట్టానికి 850 మీటర్ల ఎత్తున ఉంది. మా బృందంలో ఒకాయన ఆదివారం పొద్దున డైవ్ చేసి అదే రాత్రి దర్శనానికి టోకెన్లు తీసుకుని వచ్చాడు. ట్రైనరు వద్దని ఎంత చెప్పినా, "ఏడుకొండలవాడే చూసుకుంటాడు" అంటాడు. చివరికి వాళ్ళావిడ ఫోన్లోనే నాలుగు చీవాట్లు పెడితే టోకెను వదులుకుని కింద గోవిందరాజస్వామిని చూసుకున్నాడు.

* * *

రాత్రి డైవ్ అంటే అందరికీ టెన్షనే. పొద్దు వాలుతుండగా పడవలో పోయి, చీకటి పడ్డాక దిగుతాం. ఎవరి టార్చి వాళ్ళది. వెలుతురుతో గుండ్రంగా తిప్పితే బాగున్నాననీ, అటూ ఇటూ ఊపితే ఆపద అనీ గుర్తులు. పగలు కొన్ని మీటర్లు దిగేసరికే ఎరుపు రంగు మాయమై అన్నీ బూడిద రంగుగా కనబడతాయి. రాత్రి టార్చి వేస్తే ఆ ఎరుపు తిరిగొస్తుంది. టార్చిని ఛాతీకి ఆనించి మూసి చెయ్యి ఊపితే వేళ్ళ చుట్టూ నీలం మినుకులు. 2019 ఆగస్టులో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) బీచిల్లో అలలు నీలంగా మెరిసి జనం ఎగబడ్డారే, అట్లాంటి సూక్ష్మజీవుల పనే అది.

అట్లాంటి ఒక రాత్రి రాతి సందులోంచి రెండు పొడవాటి మీసాలు బయటికి రావడం చూశాను. వాటి వెనక నిప్పురవ్వల రంగులో రెండు కళ్ళు. తమిళంవాళ్ళు సింగి అంటారు, హోటళ్ళలో లాబ్‌స్టర్. కత్తెర కాళ్ళు ఉండవు, ఒళ్ళంతా ముళ్ళు. పగలంతా సందుల్లో దాగి రాత్రి మేతకొస్తుంది. నా చెయ్యి దానంతటదే టార్చిని కిందికి దించి వాలుగా పట్టింది. సూటిగా వేస్తే ఎండ్రకాయ నిలబడిపోతుంది గానీ ఇది వెనక్కి జారుకుంటుంది. వాలుగా వేసినందుకు బయటికొచ్చింది. ఆకుపచ్చ ఒంటి మీద, తోక నిండా సన్నటి తెల్ల చుక్కలు. దగ్గరికి పోతే మీసాల మొదళ్ళు రాపాడించి కిర్రుమంది. నీళ్ళలో ఆ చప్పుడు ఎంత స్పష్టంగా వినబడిందంటే, ట్యాంకు వాల్వు వదులైందేమోనని ఉలిక్కిపడ్డాను. తోక ఒక్క కొట్టు కొట్టి వెనక్కి ఎగిరిపోయింది.

మా బృందంలో నీళ్ళలోంచి ఏదీ పైకి తేకూడదని కట్టడి. నాకు నచ్చిన కట్టడే. వీపుకు సిలిండరు కట్టుకుని, దాని గుమ్మం ముందు గంటసేపు కాపు కాసి పట్టేది వేట కాదని నా అభిప్రాయం. పట్టాలంటే మా పడవ నడిపే ఆయన (పడవ తమ్ముడంటాం) పట్టినట్టు పట్టాలి. ట్యాంకు లేదు, కళ్ళకు అద్దం ఒకటి, ఊపిరి ఒకటి. అమావాస్య దగ్గరి రోజుల్లో బండరాళ్ళ గోడ పొడవునా పోతాడు. నన్నూ ఒక రాత్రి తీసుకుపోయాడు. ఆయన టార్చికి కూడా ప్లాస్టిక్ కవరు, మూతికి రబ్బరు బ్యాండు! చూడగానే నవ్వొచ్చింది, ఎందుకో చెప్తే ఆయనా నవ్వాడు.

మీసం పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది, జంతువు పోతుంది. మీసాల వెనక డొప్పను అరచేత్తో రాతికి అదిమి పట్టాలి. చేతికి గోనె గుడ్డ చుట్టుకున్నాడు. తొలి ముణకలోనే ఒకదాన్ని తెచ్చి వెల్లకిలా తిప్పాడు. తోక కింద నారింజ రంగు గుడ్లు ముద్దగట్టి ఉన్నాయి. ఏమీ అనకుండా నీళ్ళలో పెట్టేశాడు. చిన్నవాటిని కూడా వదిలేశాడు. ఈ రకం 200 గ్రాములకు తగ్గితే ఎగుమతికి పనికిరాదని ప్రభుత్వం 2003లో నిబంధన పెట్టింది. ఆయన తక్కెడ లేకుండానే అరచేతిలో తూచేస్తాడు. ఆ రాత్రి మిగిలినవాటిని వాళ్ళింట్లో పసుపు, ఉప్పు, కారం రాసి పెనం మీద కాల్చారు. బాగుంది. అయితే, నిజం చెప్పాలంటే, రుచికి మా గెనిమ ఎండ్రకాయే మేలు. ఊరి మీద మమకారమని మీరనుకుంటే అభ్యంతరం లేదు.

2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్ళూరుపేట, పులికాట్ సరస్సులో ఆంధ్ర వైపు భాగం మా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఇప్పుడు మనకూ సముద్రం ఉందని మా తమ్ముడి సంబరం. పులికాట్‌లో స్కూబా చేద్దామంటాడు. చాలాచోట్ల నడుముదాకా రాని నీళ్ళలో సిలిండరు ఎందుకురా అంటే, ఎండ్రకాయలు బురదలోనే కదా ఉండేది అంటాడు. వాడు మారడు.

నిన్న పడవ తమ్ముడు వాయిస్ మెసేజి పెట్టాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, ఈశాన్య రుతుపవనాలు మొదలైతే మళ్ళీ పిబ్రవరి దాకా కుదరదు, వచ్చే వారం రా అని. ఆదివారం వస్తానని, శనివారం మాత్రం వద్దని చెప్పాను. కారణం అడగలేదు. వాళ్ళింట్లోనూ పెరటాసే.